బిగియని పిడికిలి

విశాఖ రేవులో ఇరవై ఏళ్లు ఓడల మీద చేత్తో సిగ్నల్ చూపించాను. నా చేతి కింద ఒక్క బస్తా జారలేదు. సరే, రెండు జారాయి. ఒకటి సముద్రంలో పడింది కాబట్టి దాన్ని వదిలేయండి.

ఓడ అడుగున కూలీలుంటారు. పైన వించ్ నడిపే అప్పలసూరికి వాళ్లు కనబడరు, నా చెయ్యే కనబడుతుంది. అరచెయ్యి ఊపితే బరువు దించుతాడు, పిడికిలి బిగిస్తే ఆపుతాడు. ఎనభై నాలుగులో నా వేళ్లు వాచి పిడికిలి బిగియడం మానేసింది.

డాక్టర్ జయమణి నా వేళ్లు నొక్కి చూసింది.

"కీలు లోపలి పొర వాచింది బాబాయ్. అది కొన్ని రసాయనాలతో కబుర్లు పంపుతోంది. ఎముకల కొసల మీద మెత్తలా మృదులాస్థి ఉంటుంది కదా, ఆ కబురందితే అందులోని కణాలే దాన్ని కరిగించేస్తాయి. ఈమధ్యనే కనిపెట్టారు."

"ఆపమని సెప్పేవోడు లేడేటమ్మా?"

"ఆ కబురును ఆపే మందు ఇంకా రాలేదు. నొప్పికి మాత్రలిస్తాను."

మర్నాడు నేను ఆపమంటే బస్తాల వల ఆగలేదు. అరిచాక, ఒక కూలీ తలకి జానెడు పైన ఆగింది. అప్పలసూరి వించ్ వదిలేసి దిగొచ్చాడు.

"అదేం పిడికిలి బావా? దించమన్నట్టే అవుపడింది. కింద మడిసున్నాడు!"

అలసిపోయాను. నేనే ఫోర్‌మన్ దగ్గరికి నడిచివెళ్లి, ఇంకొకణ్ణి పెట్టుకోమన్నాను.

ఇందులో కల్పించింది ఒక్కటే. నేనుగా వెళ్లలేదు. అప్పలసూరే భుజం పట్టుకుని లాక్కెళ్లాడు. దారి పొడుగునా వద్దురా అంటూనే ఉన్నాను.