ముగ్గు గీతల మధ్య మంచం

ఇటు జరిగి కూర్చో తల్లీ, గట్టిగా చెప్పే మాట కాదిది.

మూడు తరాలం ఒకేచోట ఉండాలని మా అబ్బాయి శేషగిరి ముప్పాళ్ళలో ఇల్లు తలపెట్టాడు. మేడ మీద మనవడి కాపురం, కింద కొడుకూ కోడలూ, నాకో గది అన్నారు. ఖర్చు లెక్కలు మొదలైన దగ్గర్నుంచీ నేను కనపడితే చాలు, కొడుకూ కోడలూ మాట మార్చేవారు. ప్లాను కాగితంలో అగ్గిపెట్టెంత గడి చూపించి, "ఇదే అమ్మా, నీ గది" అన్నాడు. కాగితం మీద ఏ గదైనా అంతే కదా అని ఊరుకున్నానే కానీ, మనసు ఒప్పుకోలేదు.

పునాదికి ముగ్గు పోసిన ఉదయాన నా నులక మంచం మోయించుకుని స్థలానికి వెళ్లాను. నా గది గీతల మధ్య వేయిస్తే, మంచం కాళ్లు రెండు గీత దాటి బయటపడ్డాయి.

"ఇదేందిరా, నేను కూర్చొని నిద్రపోవాల్నా?"

శేషగిరి తల గోక్కున్నాడు. కోడలు హైమావతే నోరు విప్పింది. "బడ్జెట్ చాల్లేదు అత్తయ్యా. అది మిరపకాయ టిక్కీ బస్తాలు పెట్టుకునే కొట్టు. మీ మంచం హాల్లో వేద్దామనుకున్నాం."

"టిక్కీలే హాల్లో పెట్టుకోండే. వచ్చినోళ్లు తుమ్ముకుంటా కూర్చుంటారు!"

మంచాన్ని వాళ్ల పడగ్గది గీతల మధ్యకు లాగించి పడుకున్నాను. మేస్త్రీ నవ్వాపుకుంటూ, "పెద్దమ్మ లేస్తేనే తవ్వుతా, అన్నా" అన్నాడు శేషగిరితో.

చివరికి శేషగిరే కాలితో గీత చెరిపి, హాలు తగ్గించి నా గది పెంచాడు. అయినా నమ్మకం కుదరక, కొత్త గీత మీద గడ్డపార దిగేదాకా నేను మంచం దిగలేదు.

ముగ్గయితే కాలితో చెరుగుతుంది, గోడ చెరగదు. ఇది గుర్తుపెట్టుకో తల్లీ. ఇల్లు కట్టుకునేవాళ్లు కనపడితే నా మంచం సంగతి చెవిలో వెయ్యి.