ఎక్కడి రాళ్ళు అక్కడే

నాకొక జబ్బుంది. వస్తువు ఎక్కడ తీశానో మళ్ళీ అక్కడే పెట్టాలి. కళ్ళకు గంతలు కట్టినా సరే, మా కుట్టు గదిలో కత్తెర, టేపు, గుండీల డబ్బా చెయ్యి చాపి తీసేస్తాను. ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను, ఒక్క వస్తువు కోసం వెతుక్కున్న పాపాన పోలేదు. ఈ మాట చెప్పినప్పుడు ఎవరైనా మెచ్చుకోకపోతే ఒళ్ళు మండుతుంది.

ఆ గదిలోనే ఐదడుగుల అక్వేరియంలో దొరగారుంటారు. దొరగారంటే ఆస్కార్ చేప. అడుగు పొడవు, నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలు, ఎప్పుడూ అలిగినట్టుండే మూతి. ఎడమ పక్కన పెద్ద రాళ్ళ గూడు ఆయనది. శుభ్రం చేద్దామని చెయ్యి పెడితే వేలు కొరుకుతారు. పెంచింది నేను, తిండి పెట్టేది నేను, ఆ కృతజ్ఞతేమీ లేదు.

పోయిన నెల మా చెల్లి ఫోన్ చేసింది. అదీ టైలరే. దాని షాపున్న బిల్డింగ్ కూలగొడుతున్నారట. "వచ్చెయ్యవే, ఇద్దరం కలిసి కుట్టుకుందాం. నీ ఇల్లే అనుకో" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అమ్మా నాన్నా పోయాక నాకంటూ మిగిలింది అదొక్కతే. పొద్దస్తమానం చేపతో మాట్లాడీ మాట్లాడీ నాకూ విసుగెత్తింది.

వ్యాన్‌లోంచి ముందు దాని మిషన్ దిగింది. తర్వాత మూత బిగించిన బకెట్ దిగింది. అందులో దాని ఆస్కార్, మహారాణి!

"ఓసి నీ దుంప తెగ! దొరగారు దీన్ని బతకనిస్తారా?" అని నెత్తి కొట్టుకున్నాను.

చేపల షాపాయనకు ఫోన్ చేశాను. "పది రోజులు మధ్యలో జాలీ అడ్డం పెట్టండమ్మా, ఒకళ్ళ మొహం ఒకళ్ళకి అలవాటవుతుంది. జాలీ తీసే రోజు మాత్రం రాళ్ళన్నీ బయటికి తీసి, అమరిక మొత్తం మార్చేయండి. పాత గూడు కనబడకపోతే ఇద్దరూ కొత్తవాళ్ళే. ఇది నా జాగా అని కొట్టుకోడానికి ఏమీ ఉండదు" అన్నాడాయన.

ఆ పది రోజులూ చేపలు బుద్ధిగానే ఉన్నాయి. మేమే లేము. దాని మిషన్‌కు తలుపు వెనక మూల చూపించాను. అక్కడ వెలుతురుండదు, దారం ఎక్కించాలంటే లేచి నా కిటికీ దగ్గరికి రావాలి. అది కత్తెర కుడిపక్కన పెడితే నేను ఎడమపక్కకు మార్చేదాన్ని. నా కొక్కేనికి గౌను తగిలిస్తే తీసేసేదాన్ని. "ఇది ఇక్కడ కాదే" అని రోజుకు ఎన్నిసార్లన్నానో నాకే తెలీదు. అది మాత్రం రానురాను మాట్లాడ్డం తగ్గించింది.

పదకొండో రోజు రాళ్ళన్నీ తీసి, బ్రష్షుతో పాకుడు రుద్ది, శుభ్రంగా కడిగి, మళ్ళీ పేర్చి, జాలీ లాగేశాను. నిమిషం పట్టలేదు. దొరగారు గూట్లోంచి దూసుకొచ్చి మహారాణి తోక పీకిపెట్టారు. చెల్లి కెవ్వుమంది. హడావిడిగా జాలీ దించేసరికి పాపం మహారాణి ఓ మూల ఒరిగిపోయి రొప్పుతోంది.

"అక్కా, రాళ్ళు మార్చావా?"

"మార్చకుండా ఎలా ఉంటానే..." అంటూ చూశాను. గూడు ఎడమపక్కనే ఉంది. ఏ రాయి మీద ఏ రాయి ఉండేదో, చిన్న గులకరాయితో సహా, అంతా అలాగే ఉంది. నేను పెట్టలేదు, నా చేతులు పెట్టేశాయి!

చెల్లి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పోనీలే అక్కా, నీ చెయ్యి అంతే. రేపు ఎక్కడన్నా గది చూసుకుంటా" అంది మెల్లగా.

అలవాటు చొప్పున కోపమే ముందొచ్చింది. "పో, నిన్నెవరాపారు!" అని నోటిదాకా వచ్చింది. అంటే నిజంగానే పోతుంది, పోతే నేను బతకలేను. ఆ మాట మింగేసి, కిటికీ దగ్గరికెళ్ళి నా మిషన్ లాగాను. మిషన్ కాళ్ళ కింద నేల నాలుగు గుంటలు పడిపోయింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"నోర్మూసుకుని ఆ చివర పట్టుకో."

మిషన్లు, బల్ల, అలమర, కొక్కేలు, అన్నీ ముందు గదిలో పడేశాం. తిరిగి పెట్టేటప్పుడు ఒకటి అది పెడితే ఒకటి నేను పెట్టాను. కిటికీ కింద రెండు మిషన్లూ ఎదురెదురుగా పట్టాయి. ఇన్నేళ్ళూ పట్టవనుకున్నాను.

మహారాణి తోక మానాక మళ్ళీ జాలీ తీశాం. ఈసారి రాళ్ళు చెల్లే పేర్చింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. దొరగారు గూడు కోసం ఇటూ అటూ తిరిగారు, అడ్రసు మర్చిపోయినవాళ్ళలా. మహారాణి ఎదురొస్తే ఓసారి మూతి చాపి బెదిరించి, ఆనక పక్కకు తప్పుకుని కుడివైపు రాయి కింద దూరారు. ఆయన్ని చూస్తే మొదటిసారి జాలేసింది.

నేనూ పనిలో కూర్చున్నాను. గౌను అంచు కత్తిరించాలి. చెయ్యి చాపితే ఖాళీ. బల్ల మీద లేదు, సొరుగులో లేదు.

"ఒసేయ్, కత్తెర ఎక్కడుందే?"

"నాకేం తెలుసు? నేనూ దానికోసమే వెతుకుతున్నా!" అని కసిరింది మా చెల్లి.

అబ్బ, ఎంత హాయిగా ఉందో.