నిక్కరేసుకున్న పాలబొంత

ఆటల పండుగకి ఒక సరదా బొమ్మ గీసిపెట్టమని మా పేట పెద్ద చిన్-లియెన్ అత్త అడగ్గానే యున్-జెన్ ఎగిరి గంతేసింది. సముద్రపు ఒడ్డున మాకు ఇంటింటికీ చేపల చెరువే. అందుకని ఆమె పాలబొంత చేపకి ఎర్ర నిక్కరు తొడిగి, నుదుటికి పట్టీ కట్టి, పల్టీ కొట్టించింది. తెల్లటి పొట్ట పైకి, కాళ్ళు గాల్లోకి. జెండాల మీద, చొక్కాల మీద, బడి గేటు దగ్గర నిలబెట్టే గాలిబొమ్మగా, అంతటా అదే చేప.

"చేపకి మోకాళ్ళెక్కడివే?" అని వాళ్ళ నాన్న గ్వో-షెంగ్ పడీ పడీ నవ్వాడు.

"నువ్వటు తిరగ్గానే నీ చెరువులో అన్నీ పరుగు పందేలే నాన్నా!"

పండుగ దగ్గర పడుతుండగా ఉత్తరం నుంచి చలిగాలి దిగింది. పాలబొంత చలికి తట్టుకోలేదు. గట్ల మీద పరదాలు కట్టారు, వెచ్చటి బావి నీళ్ళు తోడి పోశారు. ఏం చేసినా ఆగలేదు. ఓ పొద్దున చూస్తే చెరువులన్నీ తెల్లగా ఉన్నాయి. ఎటు చూసినా పొట్టలు పైకి తేలిన చేపలే.

యున్-జెన్ నాన్నతోపాటు నీళ్ళలో దిగి వల లాగింది. ఆయన ఒక చేపని చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, కుప్పలోకి విసిరాడు. పైకి తిరిగిన ఆ పొట్ట చూడగానే ఆమెకి తన బొమ్మ గుర్తొచ్చింది. వల అక్కడే వదిలేసి బడికి పరుగెత్తింది.

అప్పటికే గాలిబొమ్మ తెచ్చినవాళ్ళు గేటు దగ్గర ఊది చూస్తున్నారు. సగం ఉబ్బిన చేప పొట్ట పైకి పెట్టుకుని నవ్వుతూ నేల మీద పడుంది. చచ్చిన చేపల్ని పూడ్చడానికి తీసుకెళ్తున్న లారీ సరిగ్గా దాని ముందే ఆగింది. పక్క చెరువు వెంగ్ బాబాయ్ దిగాడు. ఒళ్ళంతా బురద.

"ఎవరు చేశారిది?"

"నేనే బాబాయ్. ఇది ముందే... చలి రాకముందే..."

"నా చేపలు చచ్చి తేలితే నీకు ఆటగా ఉందా?"

బూటుకాలితో ఆ చేపని తన్నాడు. అప్పటికి గాలి నిండిన బొమ్మ కదా, ఊగి మళ్ళీ ఆయన మీదకే వచ్చింది. పడబోయి నిలదొక్కుకుని, అక్కడే ముఖం కప్పుకుని ఏడ్చాడు. యున్-జెన్ గాలి ఊదే పంకా తీగ లాగేసింది. చేప చప్పబడేదాకా దాని మీద పడి రెండు చేతులా నొక్కుతూనే ఉంది.

"ఆపేద్దాం అత్తా పండుగ," అంది చిన్-లియెన్‌తో. "నావల్ల కాదు. ఊరొదిలి పోవాలనిపిస్తోంది."

"పో. నువ్వు పోతే చచ్చినవి బతుకుతాయా?" అంది అత్త. "పండుగ లేకపోతే వీళ్ళంతా ఆ చెరువుల ముందే కూర్చుంటారు. ముందు ఆ జెండాలు దింపు."

దింపారు. చొక్కాలకి మాత్రం దారి లేదు, వేరేవి కుట్టించే వ్యవధి లేదు. యున్-జెన్ ఒక్కొక్కటే తిరగేసి, చేప లోపలికి పోయేలా మడతపెట్టింది. ఎంతో మురిసిపోయి గీసిన ఆ నవ్వుముఖాన్ని చూడకుండా తల పక్కకి తిప్పుకుని మడిచింది.

పండుగనాడు తాడు లాగే పోటీకి చెరువులవాళ్ళు రాలేదు. ఉప్పుమడుల పేటవాళ్ళు తాడు పట్టుకుని చూసి చూసి, చివరికి తాడుతో సహా చెరువుగట్టుకే నడిచారు.

"అవతల ఎవరూ లేకపోతే మేం ఎవర్ని లాగాలిరా? గాలినా?" అని కేకేశారు.

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి గ్వో-షెంగ్ లేచాడు. వెంగ్ లేచాడు. తిరగేసిన చొక్కాలు తొడుక్కుని, రబ్బరు బూట్లతోనే బడికొచ్చి తాడు పట్టారు. నిద్ర లేని ఒళ్ళు కదా, అవతలివాళ్ళు ఈడ్చేస్తే కుప్పగా పడ్డారు. చెమటకి తడిసిన చొక్కాల్లోంచి ఎర్ర నిక్కరు మసగ్గా కనిపించింది.

యున్-జెన్ నీళ్ళ సీసాతో వెంగ్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన తీసుకున్నాడు, ముఖం చూడలేదు.

"బాబాయ్, తప్పయిపోయింది."

"నీ తప్పేముందే? చూడలేకపోతున్నాం, అంతే."

"మళ్ళీ చేపపిల్లల్ని వేస్తారా చెరువులో?"

ఆయన నీళ్ళు తాగి, మూత బిగించి, సీసా ఆమెకి తిరిగిచ్చాడు. లేచి చెరువుగట్టు వైపు నడిచాడు.