వానకి తట్టుకుంటుందన్న కెమెరా

మా అల్లుడు ఇంకా పుట్టని కెమెరాలకి జాతకాలు చెప్తాడు. పగలంతా కళ్ళజోళ్ళ షాపు. సాయంత్రం షట్టరు దించేసి, వెనక గదిలో లైటు వేసుకుని, ఫోను ఎదురుగా కూర్చుని, "మిత్రులారా, రాబోయే మోడల్లో ఏముండబోతోందో చూద్దాం!" అని మొదలుపెడతాడు. ఎవరి చేతికీ రాని వస్తువు గురించి అరగంట ఊదరగొట్టడం అంటే మాటలా! దానికి వేలమంది వినేవాళ్ళు కూడానూ. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని. బస్సు ఎక్కనివాడికి టికెట్టు కొట్టి ఎరగను. అందుకే ఈ వ్యవహారం నాకు మొదటినుంచీ ఒంటికి పడలేదు.

పెళ్ళైన కొత్తల్లో అతన్ని "మీరు" అనేదాన్ని. ఒకే ఇంట్లో మసలుతుంటే అది మెల్లగా "నువ్వు"లోకి దిగింది. కోపం వస్తే మాత్రం మళ్ళీ "మీరు" ఎక్కేస్తాను. నా నోట మీరు అని వినపడిందంటే అల్లుడు తింటున్న కంచం ముందునుంచి కూడా లేచి నిలబడతాడు. నా గొంతు అలాంటిది. జనంతో కిక్కిరిసిన బస్సులో వెనక సీటుదాకా వినపడాల్సిన గొంతు, ఇంట్లో తగ్గమంటే ఎక్కడ తగ్గుతుంది?

అయితే ఈ పిచ్చి అతనికి ఊరికే పట్టలేదు. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది.

మా అమ్మాయి ఒక పేపర్లో ఆటల ఫొటోలు తీసేది. ఎండ అనేది కాదు, వాన అనేది కాదు. మోచెయ్యంత లెన్సున్న పెద్ద కెమెరా భుజాన వేసుకుని తిరిగేది. ఓ రోజు స్కూటరు జారి కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. ఎముకైతే అతుక్కుంది గానీ, ఆ కెమెరా ఎత్తిందంటే చాలు, కాసేపటికే చెయ్యి వణికిపోయేది. ఇంటికొచ్చి నొప్పితో మెలికలు తిరిగేది. ఆఫీసువాళ్ళు జాలిపడి కుర్చీ పని ఇచ్చారు. ఇంకొకళ్ళు తీసిన ఫొటోల కింద ఇది రెండేసి లైన్లు రాయాలి. రాసేది, ఇంటికొచ్చేది, అన్నం తిని పడుకునేది. ఒక్క విసుగు లేదు, ఒక్క అరుపు లేదు. నాకు అదే భయమేసింది. నా కడుపున పుట్టి అరవకుండా ఉందంటే లోపల ఏదో చచ్చిపోతున్నట్టే కదా.

ఆ రోజుల్లోనే అల్లుడు, చేతికి బరువు తెలియని కెమెరా ఎక్కడైనా వస్తుందా అని ఫోనులో వెతకడం మొదలుపెట్టాడు. వెతికీ వెతికీ, ఆ వెతుకులాటనే చానెల్ చేసిపడేశాడు.

ఇక ఈ కొత్త కెమెరా సంగతి. అది బజార్లోకి రాకముందే కొన్ని నెలలపాటు మా భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసింది.

"లోపల అద్దం ఉండదు అత్తయ్యా, అందుకే అంత చిన్నది. అరచేతిలో పట్టేస్తుందట. చెయ్యి వణికినా బొమ్మ చెదరదట. పరిగెత్తే మనిషి కన్ను ఎక్కడుందో దానంతటదే పట్టేసుకుంటుందట. అన్నిటికన్నా ముఖ్యం, వానకి తట్టుకుంటుందట. ప్రతి సందులోనూ రబ్బరు పట్టీ ఉంటుందట."

"ఇన్ని 'అట'లు నీకు చెప్పిందెవరు నాయనా?"

"అన్ని సైట్లలోనూ అదే రాస్తున్నారు అత్తయ్యా!"

మా అమ్మాయి ఏమీ అనేది కాదు. కానీ ఆ కెమెరా మాట వచ్చినప్పుడల్లా కంచంలో చెయ్యి ఆగేది. నేను చూడలేదనుకునేది.

కెమెరా నిజంగానే వచ్చింది. పెట్టె విప్పి చేతిలోకి తీసుకుంటే సబ్బుపెట్టెలా ఉంది. అమ్మాయి వెళ్ళి వాళ్ళ ఆటల పేజీ పెద్దాయన్ని అడిగింది. ఆయన కాస్త నసిగి, సరే, ఆదివారం నది మీద పడవ పందేలున్నాయి, వెళ్ళిరా, ఫొటోలు బాగుంటే మళ్ళీ బయటి పని ఇస్తాను, లేకపోతే నీ స్థానంలో వేరే మనిషిని ఖాయం చేసేస్తాను అన్నాడట. అది చెప్పి అమ్మాయి నా మంచం మీద కూర్చుంది.

"ఈసారి కూడా కుదరకపోతే ఇంక అడగనమ్మా. కుర్చీలోనే ఉండిపోతాను," అంది.



ఆదివారం తెల్లారేసరికి మబ్బులు దిగి ఉన్నాయి. అల్లుడు గుమ్మం దగ్గర నిలబడి, "నువ్వేం భయపడకు, వానొచ్చిందంటే మరీ మంచి ఫొటోలు! కెమెరా సంగతి నాకొదిలెయ్!" అని ఊదరగొట్టి పంపాడు. అమ్మాయి వెళ్ళిన కాసేపటికే వాన దంచడం మొదలుపెట్టింది. నేను దాని గది సర్దుతూ కెమెరా పెట్టె మూసి బీరువా మీద పెట్టబోయాను. అడుగున ఒక చిన్న పుస్తకం, దాని కట్టు కూడా విప్పలేదు. తెరిచి చూద్దును కదా, రెండో పేజీలో కెమెరా బొమ్మ, దాని మీద వాన చినుకులు, వాటికి అడ్డంగా ఒక పెద్ద ఎర్ర గీత. కింద ఇంత లావు అక్షరాలు: ఈ పరికరానికి తడి నుంచి రక్షణ లేదు.

"బాబూ!" అన్నాను. పక్కింటి కుక్క మొరిగింది.

అల్లుడు పళ్ళు తోముకుంటూ వచ్చాడు. పుస్తకం చూశాడు. బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది.

"పెట్టెలో పుస్తకం చదవలేదా మీరు?" అన్నాను.

మీరు అనేసరికి అతనికి విషయం పూర్తిగా అర్థమైంది. "చదవాల్సిన అవసరం ఏముంది అత్తయ్యా... అన్నీ ముందే తెలుసు కదా అని..."

"కంపెనీవాళ్ళ పేజీలోనైనా చూశారా?"

"చూశాను. అందులో వాన మాట లేదు. చెప్పడం మర్చిపోయుంటారులే అనుకున్నాను. ఇన్ని చోట్ల రాశారు కదా!"

కంపెనీవాళ్ళు మర్చిపోయారట! ఇంత తెలివి ఎవరికైనా ఉంటుందా! అమ్మాయికి ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. పనిలో ఉంటే అది ఫోను సంచీలో పడేస్తుంది. అల్లుడు మూతి తుడుచుకోకుండానే కారు తీశాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాను.

దారి పొడుగునా అద్దం మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. అల్లుడికి ముచ్చెమటలు. "లోపలికి ఒక్క చుక్క వెళ్ళినా అంతే అత్తయ్యా. తెర ఆరిపోతుంది. కార్డులో ఫొటోలు కూడా వస్తాయో రావో," అంటున్నాడు. నాకు కెమెరా కనపడటం లేదు. మంచం మీద కూర్చుని ఇంక అడగనమ్మా అన్న మొహం కనపడుతోంది. అది రేపటినుంచి మళ్ళీ కుర్చీలోకి వెళ్ళి, జీవితాంతం నోరెత్తకుండా కూర్చుంటే? ఆ ఊహకే నా ప్రాణం ఉసూరుమంది.

"అసలు ఆ రబ్బరు పట్టీల మాట ముందుగా కూసింది ఎవరు? వాడెవడో నాకు కావాలి!" అన్నాను.

"నాక్కూడా కావాలి! నా ఫోను తీసి చూడండి, ఆ సైటు తెరిచే ఉంది," అన్నాడు పళ్ళు నూరుతూ.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. వాన తట్టుకునే గుణం ఖాయమని రాసి, నమ్మకమైన వర్గాల ద్వారా తెలిసింది అని ఉంది. ఆ మాట మీద నొక్కితే ఇంకో సైటు తెరుచుకుంది. అందులో, ఇప్పటికే పలువురు ధ్రువీకరించారు అని ఉంది. అక్కడ నొక్కితే ఇంకోటి. అది ఏ భాషో నాకు తెలీదు, ఫోనే తెలుగు చేసి పెట్టింది. ఒక ప్రముఖ నిపుణుడు వెల్లడించారు అన్నారు. ఆ నిపుణుడి మీద నొక్కాను.

"మిత్రులారా!" అంది ఫోను.

"అబ్బా, ఇప్పుడు నా వీడియో ఎందుకు పెట్టారు అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"నేను పెట్టలేదు. వాళ్ళు పెట్టారు. ప్రముఖ నిపుణులు తమరేనట."

కారు సిగ్నల్ దగ్గర ఆగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరినో గుద్దేవాడు. ఎప్పుడో మొదట్లో చేసిన వీడియో అది. అందులో మా అల్లుడు, ఇంకా నున్నగా దువ్వుకోవడం రాని రోజుల్లో, చెదిరిన జుట్టుతో మాట్లాడుతున్నాడు.

"ఇది నాకు తెలిసిన సమాచారం కాదు మిత్రులారా, నా కోరిక. దీనికి వానని తట్టుకునే శక్తి కూడా ఉంటే ఎంత బాగుండు! మా ఇంట్లో ఒక మనిషి ఉంది. వాన పడితే మనం కిటికీలు మూస్తాం, ఆవిడ కెమెరా తీస్తుంది. కొన్నాళ్ళుగా తియ్యడం లేదు. నాకు చూడబుద్ధి కావడం లేదు."

అంతే. ఆ తర్వాత ఇంకేదో బ్యాటరీ గురించి మాట్లాడాడు.

ఇతను కోరుకున్నాడు, ఒకడు దాన్ని కబురు చేశాడు, ఇంకొకడు ఖాయం చేశాడు. అది లోకమంతా తిరిగి, కొత్త బట్టలు తొడుక్కుని ఇంటికొస్తే, కన్నవాడే గుర్తుపట్టక దండం పెట్టి నమ్మేశాడు! తిట్టడానికి దారిపొడుగునా పోగుచేసుకున్న మాటలు బోలెడున్నాయి నా దగ్గర. అన్నీ మింగేసి వీడియో ఆపేశాను.

"నేనే అన్నానని మర్చేపోయాను అత్తయ్యా," అన్నాడు.

"సరేలే. ముందు పోనియ్. వెనకవాడు హారన్ కొడుతున్నాడు."

నది ఒడ్డంతా గొడుగులే. మైకులో ఎవరో ఆగకుండా అరుస్తున్నాడు, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఫొటోగ్రాఫర్లు ఎక్కడ అని అడిగితే, మిగతావాళ్ళందరూ అదిగో ఆ టెంటు కింద ఉన్నారు, ఒకావిడ మాత్రం జడ్జీల మోటారు పడవ ఎక్కి నీళ్ళలోకి పోయింది అన్నారు. ఒకావిడ ఎవరో నేను వేరే అడగాలా?

పడవ ఒడ్డుకి వస్తోంది. ముందు నిలబడి ఉంది మా అమ్మాయి. నిలువెల్లా తడిసి ముద్దయింది. మమ్మల్ని చూసి, చేతిలో ఉన్నది తలపైకెత్తి ఊపింది.

అల్లుడు ప్యాంటు మడవకుండానే నీళ్ళలోకి దిగిపోయాడు. "ఆపెయ్! బ్యాటరీ పీకెయ్! దానికి రబ్బరు పట్టీలు లేవు!" అని కేకలు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా పందెం మానేసి మా అల్లుణ్ణే చూస్తున్నారు.

"తెలుసు!" అని అరిచింది అమ్మాయి.

పడవ దగ్గరికొచ్చాక చూస్తే, కెమెరాకి బ్రెడ్డు ప్యాకెట్ కవరు తొడిగి ఉంది. లెన్సు దగ్గర చిల్లు చేసి రబ్బరు బ్యాండు బిగించింది. లోపల కెమెరా పొడిగా, బుద్ధిగా కూర్చుని ఉంది.

"తెలుసా? ఎలా తెలుసు?" అన్నాడు అల్లుడు, మోకాళ్ళ లోతు నీళ్ళలో.

"బ్యాటరీ పెట్టేటప్పుడు మూత చూశాను కదా. చుట్టూ పట్టీ లేదు. నీకు చెప్తే నన్ను గుమ్మం దాటనివ్వవని నోరు మూసుకున్నాను. పడవలో వీళ్ళ బ్రెడ్డంతా నేనే తినేశాను కవరు కోసం."

"ఆ మాట పుట్టించింది నేనే," అన్నాడు పాపం, అందరూ వింటుండగానే. "లోకంలో ఎవరూ అనలేదు. నేనే అన్నాను, నేనే నమ్మాను."

మా అమ్మాయి ఒక్క క్షణం తెల్లబోయి చూసి, పడీ పడీ నవ్వింది. ఎన్నాళ్ళైంది ఆ నవ్వు విని! పడవలో ఉన్న జడ్జీలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేశారు. నేను మాత్రం గొడుగు వేసుకోవడం మర్చిపోయి తడుస్తూ నిలబడ్డాను, హమ్మయ్య, హమ్మయ్య అనుకుంటూ.

టెంటు కిందికి వచ్చాక తుడుచుకుని ఫొటోలు చూపించింది. నాకు ఫొటోల సంగతేం తెలుసు! కానీ ఒకదాంట్లో తెడ్డు లాగుతున్న పిల్ల మొహం ఉంది. కనురెప్పల మీద నీటిచుక్కలు, బిగించిన పళ్ళు, గీత దాటడానికి ఇంకొక్క లాగు మిగిలి ఉన్న మొహం. అది చూస్తే నాకే ఊపిరి బిగుసుకుంది. వాటిని ఫోనులోంచి ఆఫీసుకి పంపిన కాసేపటికే పెద్దాయన దగ్గరనుంచి ఫోను కూడా వచ్చింది. అమ్మాయి ఊఁ, ఊఁ, తప్పకుండా సార్ అని పెట్టేసి, "వచ్చే వారం సైకిల్ పందేలట," అంది, మామూలుగా, కూరలు తెస్తానన్నట్టు.

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. పడవ మీద అది కెమెరా పైకెత్తింది కుడి చేత్తో.

"అది సరేగానీ, చెయ్యి ఎలా ఉందే?" అని అడిగాను.

అది కవరు మళ్ళీ తొడుగుతూ, తలెత్తకుండానే, "ఏ చెయ్యి?" అంది.

అల్లుడు నా వైపు చూశాడు. ఏ చెయ్యి ఏమిటే, ఇన్నాళ్ళూ మన ఇంట్లో ఆ చెయ్యి తప్ప ఇంకో మాట ఉందా అని అరవబోయాను. నా బస్సు గొంతు నాకు పలకలేదు. బహుమతులిస్తున్నారని మైకులో చెప్తుంటే అది లేచి వానలోకి వెళ్ళిపోయింది. అత్తా అల్లుళ్ళం ఇద్దరం ఆ టెంటు కింద పక్కపక్కన కూర్చుని, ఎవరు చూస్తే మాకేమిటని, హాయిగా ఏడ్చాం.