చివరి పాట విన్నవాళ్ళు

ఆదివారం నేను బండి తాళం ముట్టుకోను. వారమంతా స్కూలు బస్సు నడుపుతాను. వెనక పిల్లలు వేసే కేకలకి చెవులు తూట్లు పడి ఉంటాయి కాబట్టి, ఆదివారం ఇంట్లో ఎవరైనా గట్టిగా తుమ్మినా నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటిది ఆ ఆదివారం మధ్యాహ్నం నడుం కూడా వాల్చకుండా మా తమ్ముణ్ణి కారెక్కించుకుని, ఫోన్ కవర్లు అమ్మే ఒక దుకాణం మేడ మీదికి తీసుకెళ్ళాను. ఒకప్పుడు ఒక రాక్ బ్యాండు టూరు చేస్తే దాని వెంట ఊరూరా తిరిగిన అభిమానులు అక్కడ చేరి ఆ జ్ఞాపకాలు చెప్పుకుంటారు. పనీపాటా లేనివాళ్ళు ఏమైనా చేస్తారు.

నాకు వాళ్ళంటే పడదు. ఆ బ్యాండన్నా పడదు. దానికి కారణం మా తమ్ముడి కుడి మోకాలు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఆ టూరులో ఆఖరి కచేరీ మా ఊళ్ళోనే జరిగింది. తమ్ముడు అప్పుడే కాలేజీలో చేరాడు. వాణ్ణి ఒంటరిగా పంపడం ఇష్టం లేక అమ్మ నన్ను తోడు పంపింది. మైదానం నిండా జనం, కింద బురద, పైన వాన. మనవాడు నా చెయ్యి విదిలించుకుని, జనాన్ని తోసుకుంటూ వేదిక ముందున్న ఇనప కంచె దాకా వెళ్ళిపోయాడు. ఇంకా ఒక్క పాట మిగిలి ఉంది. ఆ పాట టూరులో ఎక్కడా పాడలేదని, ఆఖరి రోజు కోసమే దాచుకున్నారని అందరూ చెప్పుకుంటున్నారు. దాని కోసం వెనకవాళ్ళు ముందుకి తోశారు. కంచె ఒరిగింది. మావాడి కాలు మీద కంచె, కంచె మీద మనుషులు. దొరికినవాళ్ళని దొరికినట్టు జుట్టు పట్టి లాగాను, ఒకడి చెయ్యి కొరికాను కూడా. వాణ్ణి చంకల కింద పట్టుకుని బురదలో ఈడ్చుకుంటూ గేటు దగ్గరున్న అంబులెన్సు దాకా తెచ్చాను. దారి పొడుగునా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. నొప్పికి కాదు. "వదులక్కా, ఆఖరి పాట ఉంది, వదులు" అని. లోపలికి ఎక్కించేసరికి వాడికి స్పృహ తప్పింది.

నాకు తప్పలేదు. అంబులెన్సు కదిలేముందు దాని మెట్టు మీద నిలబడి వెనక్కి చూశాను. వేదిక మీద దీపాలు ఆర్పేశారు. బ్యాండు మనుషులు డ్రమ్ములకి పట్టాలు చుట్టి వ్యానులో పడేస్తున్నారు. జనం తిట్టుకుంటూ గేటు వైపు వస్తున్నారు. పాటా లేదు, గీటా లేదు.

ఆసుపత్రిలో తమ్ముడికి ఇదే చెప్పాను. మొదట నమ్మాడు. కాలికి సిమెంటు కట్టు ఇంకా తియ్యకముందే ఆ కచేరీ క్యాసెట్టు బజారులోకి వచ్చింది. మొదటి వైపు చివర ఆ పాట ఉంది. అంతే, కళ్ళారా చూసిన అక్క అబద్ధాలకోరైంది, ఎవడో అమ్మిన క్యాసెట్టు సత్యహరిశ్చంద్రుడైంది.

"నువ్వు లాక్కురాకపోతే వినేవాణ్ణి" అన్నాడు.

"లాక్కురాకపోతే చచ్చేవాడివిరా."

"విని చచ్చేవాణ్ణి."

అప్పట్నుంచి మేమిద్దరం ఒకే ఇంట్లో ఉప్పూ నిప్పూలా ఉన్నాం. వాడు రంగుల దుకాణంలో రంగులు కలుపుతాడు. ఎత్తు స్టూలు మీద కూర్చుని చేసే పని కాబట్టి కాలు మడత పడకపోయినా సాగిపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చి తన గదిలో ఆ క్యాసెట్టు పెడతాడు. నా గదికీ వాడి గదికీ మధ్య ఒకటే గోడ. ఆ పాట నాకు వాడికన్నా బాగా వచ్చు, వినాలని లేకపోయినా.

మొన్నీమధ్య రంగు కొనడానికొచ్చిన ఒకాయన, వీడు ఆ పాట కూనిరాగం తీస్తుంటే విని, "ఆ రోజు నువ్వూ ఉన్నావా?" అని అడిగాడట. ఆయనే ఈ ఫోన్ కవర్ల దుకాణం యజమాని. అప్పట్లో అదే దుకాణంలో క్యాసెట్లు చేసి అమ్మేవాడు, మావాడి దగ్గరున్నదీ అక్కడ తయారైందే. అభిమానుల గుంపుకి పెద్ద కూడా ఆయనే. ఆదివారం రమ్మన్నాడు. వాళ్ళకో పద్ధతుంది. ఒకరు తమ జ్ఞాపకం చెబుతారు. అప్పుడు దగ్గర్లో ఉన్నవాళ్ళెవరైనా చెయ్యెత్తి "నేనూ ఉన్నాను" అనాలి. అన్నాకే అది చెల్లుతుంది. ఆఖరి పాట దాకా ఉన్నవాళ్ళకే అక్కడ చోటు. ముందే వెళ్ళిపోయినవాళ్ళకి "గేటు బ్యాచ్" అని పేరు పెట్టారు. వాళ్ళని మెట్లెక్కనివ్వరు.

కారులో అడిగాను. "ఏం చెబుతావు అక్కడ?"

"జరిగిందే చెబుతా. మా అక్క లాక్కుపోయింది, లేకపోతే ఉండేవాణ్ణి అంటా. అర్థం చేసుకుంటారు."

"చేసుకోకపోతే?"

"నీకు పండగేగా. ఆ రోజు మొదలెట్టిన పని పూర్తవుతుంది."

చేతులు స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒక్కటిచ్చేదాన్ని. అయినా నేను వెళుతున్నది నా పని మీద. ఆ రోజు చివరిదాకా మైదానంలో ఉన్నవాళ్ళు నాకు దొరకడం ఇదే మొదటిసారి. పాట పాడలేదని వాళ్ళలో ఒక్కరు, ఒకే ఒక్కరు, వీడి మొహం మీద చెబితే చాలు. నేను వీడి దగ్గర్నుంచి ఏదీ లాగేసుకోలేదని వీడికి తెలుస్తుంది. ఇన్నేళ్ళ నింద పోతుంది. నాకింకేమీ అక్కర్లేదు.

మేడ మీద గదిలో అట్టపెట్టెలు ఒక పక్కకి నెట్టి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గోడకి ఆ టూరు పోస్టరు, రంగు వెలిసిపోయి, అద్దం కట్టించి ఉంది. అందరూ బట్టతలలూ బొజ్జలూ. దుకాణదారు మధ్యలో కూర్చున్నాడు. ఆయనకి కుడి పక్కన ఒక పళ్ళ డాక్టరు, ఎడమ పక్కన ఒక లెక్కల టీచరమ్మ, ఇంకా నలుగురైదుగురు. తమ్ముణ్ణి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను ఎవరూ పలకరించలేదు. నేనే ఒక కుర్చీ లాక్కుని తలుపు దగ్గర కూర్చున్నాను.

ముందు పళ్ళ డాక్టరు అందుకున్నాడు. ఏదో ఊళ్ళో టికెట్లు దొరక్కపోతే నీళ్ళ ట్యాంకెక్కి కచేరీ చూశాడట. ఇంకొకాయన చెయ్యెత్తి "నేనూ ఉన్నాను, కింద నిచ్చెన పట్టుకున్నది నేనే" అన్నాడు. టీచరమ్మ పరీక్ష ఎగ్గొట్టి లారీ ఎక్కి వెళ్ళిందట. ఇప్పుడు క్లాసు ఎగ్గొట్టిన పిల్లల్ని ఎండలో నిలబెడుతుంది కాబోలు. మా తమ్ముడు నోరు తెరుచుకుని వింటున్నాడు. నేను వాడికి ఏం చెప్పినా ఎప్పుడూ అలా వినలేదు.

తర్వాత ఆఖరి రోజు సంగతి వచ్చింది. గొంతులన్నీ తగ్గాయి, గుళ్ళో కూర్చున్నట్టు.

"కొంచెం తోపులాట జరిగింది కానీ పెద్దగా ఏం కాలేదు" అన్నాడు డాక్టరు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముడు మాత్రం అలాగే వింటున్నాడు, డాక్టరు చెప్పుకుపోయాడు. "ఆఖరి పాట ముందు దీపాలు తగ్గించారు. గిటారొక్కటే మొదలైంది. అప్పుడు ఆ పాడే అతను చిన్నగా దగ్గాడు. ఆ దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది."

"నేనూ ఉన్నాను" అని చెయ్యెత్తింది టీచరమ్మ. "గేటు దగ్గర చెట్టు కింద నిలబడ్డాను. నాకూ వినబడింది దగ్గు."

వానలో, అంత జనంలో, గేటు దగ్గరికి దగ్గు వినబడిందట. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!

టీచరమ్మ కళ్ళు మూసుకుని ఇంకా చెబుతోంది. "అన్నిటికన్నా నేను మర్చిపోలేనిది ఒకటుంది. పాట మధ్యలో, 'తలుపు' అన్న మాట దగ్గర, అతను ఆగిపోయాడు. ఒక్క చప్పుడు లేదు. మైదానం మొత్తం ఊపిరి బిగబట్టింది. తర్వాత మళ్ళీ అదే మాట దగ్గర అందుకున్నాడు. ఆ నిశ్శబ్దం విన్నవాళ్ళ జన్మ ధన్యం."

నాలుగు చేతులు ఒక్కసారి లేచాయి. "నేనూ ఉన్నాను." "నేనూ." "నాకు ఏడుపొచ్చేసింది అక్కడ." మా తమ్ముడి చెయ్యి కూడా సగం లేచి ఆగింది.

నేను కుర్చీలోంచి లేచాను. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా రోజూ గోడ అవతల్నుంచి వింటున్నాను. 'తలుపు' అంటుంది క్యాసెట్టు, టక్కుమంటుంది. మా తమ్ముడు మంచం దిగి, కాలీడ్చుకుంటూ వెళ్ళి దాన్ని తిప్పి పెడతాడు. మళ్ళీ 'తలుపు' అని మొదలవుతుంది.

"అమ్మా, అతను ఆగలేదు" అన్నాను. "ఆగింది క్యాసెట్టు. మొదటి వైపు టేపు అక్కడ అయిపోతుంది, మిగతా పాట రెండో వైపు ఉంది. తిప్పి పెట్టేంతసేపే మీ నిశ్శబ్దం. మీరు దాన్ని మైదానంలో విన్నామంటున్నారు. ఎలా విన్నారో చెప్పండి."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఈసారిది నిజమైన నిశ్శబ్దమే. డాక్టరు మొదట తేరుకున్నాడు.

"ఎవరండీ ఈవిడ? మా మధ్యకి వచ్చి మమ్మల్నే అబద్ధాలకోరులంటుందేంటి?"

"వీడి అక్కని. నేనూ ఉన్నాను ఆ రోజు. దీపాలార్పి సామాను సర్దుకుంటుంటే కళ్ళారా చూశాను. పాట పాడనేలేదు."

"గేటు బ్యాచ్!" అన్నారెవరో వెనక నుంచి. "బయటికి పంపండి."

"పంపుదురు గానీ, ముందు ఆయన్ని అడగండి" అని దుకాణదారు వైపు తిరిగాను. అప్పటికే ఆయన మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా ఉంది. "క్యాసెట్టు తయారైంది మీ దుకాణంలోనే కదా. పాడని పాట అందులోకి ఎలా వచ్చింది?"

"వస్తే ఏంటంట?" అని ఆయన ఒంటికాలి మీద లేచాడు. "పాట వాళ్ళదే, గొంతు వాళ్ళదే. ఎక్కడో గదిలో ప్రాక్టీసు చేసుకుంటుంటే తీసిన టేపు దొరికింది, కలిపాను. ఆఖరి పాట లేని ఆఖరి కచేరీ ఎవడు కొంటాడు? వినేటప్పుడు మీకు బాగానే ఉందిగా! ఇప్పుడొచ్చి తవ్వుతారేం?"

ఆయనే అన్నాడు, అందరి ముందూ అన్నాడు. నేను మాత్రం ఇంకెవరి వైపూ చూడలేదు. తమ్ముడి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"విన్నావా? పాడలేదు. నేను నీ దగ్గర్నుంచి ఏదీ లాక్కోలేదు. అక్కడ వినడానికి ఏమీ లేదురా."

ఇన్నేళ్ళకి గెలిచాననుకున్నాను. వాడు నా కాళ్ళ మీద పడతాడనుకోలేదు గానీ, కనీసం నా మొహంలోకి చూస్తాడనుకున్నాను. వాడు చాచిపెట్టిన తన కాలి వైపు చూసుకుంటున్నాడు.

"పాడకపోతే" అన్నాడు చాలా మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా, "మరి నా కాలు దేనికి పోయిందక్కా?"

దేనికీ పోలేదు. ఎవడో తోశాడు, కంచె పడింది. అంతే. ఆ మాట వాడితో ఎలా అనను?

ఇంతలో దుకాణదారు గొంతు సవరించుకున్నాడు. అందరి మొహాలూ ఒక్కసారి చూశాడు. ఆయన ఇప్పుడే చెప్పింది ఎవరి చెవినా పడనట్టు డాక్టరు తన ఫోను తుడుచుకుంటున్నాడు. టీచరమ్మ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఆవిడ సంగతి వదిలెయ్ బాబూ" అన్నాడు దుకాణదారు. "ఇక్కడ ఎవరి జ్ఞాపకం వాళ్ళే చెప్పాలి. నువ్వు చెప్పు. ఆఖరి పాట విన్నావా, లేదా?"

తమ్ముడు కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. నేను పట్టుకోబోతే మోచేత్తో నెట్టాడు.

"కంచె దగ్గర ఉన్నాను" అన్నాడు. "చివరిదాకా ఉన్నాను. అతను దగ్గాడు. తర్వాత 'తలుపు' దగ్గర ఆగాడు. నేను విన్నాను. వానలో నిలబడి మొత్తం విన్నాను."

టీచరమ్మ నోటి మీంచి కొంగు తీసేసింది. ఆవిడ మొహంలోకి ప్రాణం వచ్చింది. "నేనూ ఉన్నాను" అని చెయ్యెత్తింది. ఆ వెంటనే డాక్టరు, ఆ వెంటనే మిగతావాళ్ళు.

"మరి ఆ కాలు?" అని అడిగాడు వెనకాయన.

"తర్వాతెప్పుడో బైకు మీంచి పడ్డాను."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. వాడి కాలి మీది కంచె లేదు, కంచె మీది మనుషులు లేరు, బురదలో నేను ఈడ్చిన దారి లేదు. వాణ్ణి చంపేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ కోపం కింద ఇంకేదో ఉంది, అది ఏడుపని తెలిసి ఇంకా కోపం వచ్చింది.

డాక్టరుకి అక్కడితో తృప్తి కలగలేదు. నన్ను వేలితో చూపిస్తూ అడిగాడు. "మరి మీ అక్క ఆ రోజు ఉన్నానంటుందే. పద్ధతి ప్రకారం ఎవరో ఒకరు చెప్పాలి కదా. నిజంగా వచ్చిందా?"

తమ్ముడు అప్పుడు నా వైపు చూశాడు. సూటిగా, కళ్ళు తిప్పుకోకుండా చూశాడు.

"లేదండీ" అన్నాడు. "మా అక్క రాలేదు."

ఎవరో చిన్నగా నవ్వారు. దుకాణదారు ఫ్లాస్కులోంచి తమ్ముడికి టీ పోస్తున్నాడు. డాక్టరు కుర్చీ జరిపి వాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అవునవును, నేను రాలేదు" అన్నాను తాళం చేతిలోకి తీసుకుంటూ. "ఇవాళ కూడా రాలేదనుకో. ఇంటికి నిన్ను ఎవరు తీసుకెళతారో చూసుకో."

మెట్లు దిగి కారు స్టార్టు చేశాను. పైన గదిలోంచి అందరూ కలిసి ఆ పాట అందుకున్నారు, మా తమ్ముడి గొంతు అందరికంటే గట్టిగా వినబడింది. అద్దం ఎత్తేసి, గేరు వేసి, ఇంటికి వచ్చేశాను.