కొత్త నంబర్ వస్తే మగవాళ్ళే ఎత్తాలి

"నీళ్ళొచ్చే దినం గూడా ఆ డబ్బా ముందరేనా?" అంది మా అత్త గౌస్‌బీ.

డబ్బా అంటే కంప్యూటర్. అందులో పూలూ నెమళ్ళూ ఎంచుకుని మిషన్‌కి ఎక్కిస్తే జాకెట్ చేతుల మీద కుట్టు పడుతుంది. గుంతకల్లులో పెళ్ళి జాకెట్లు కుట్టి నేను సంపాదించిన దాంతోనే ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, ఆవిడ మోకాళ్ళకి వైద్యం జరిగింది. అయినా అది డబ్బానే. దాని ముందు కూర్చుంటే నేను పని ఎగ్గొడుతున్నట్టు. కొళాయి వచ్చిన రోజు డ్రమ్ములూ బిందెలూ ఆఖరికి పాత కుక్కరు కూడా నింపుకోవాలి, మళ్ళీ ఎప్పుడొస్తుందో నీళ్ళు వదిలేవాడికే తెలీదు. అది మాత్రం పని. ఎందుకంటే దానికి ఎవరూ దుడ్లివ్వరు.

గేటు మీద బోర్డు ఉంది. సర్ఫరాజ్ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. సర్ఫరాజ్ మా ఆయన, రైల్వే ఆఫీసులో గుమాస్తా. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. కింద ఫోన్ నంబర్ కూడా ఆయనదే. ఫరీన్ అనే నా పేరు ఆ బోర్డు మీద ఎక్కడా లేదు. పెళ్ళయిన వారంలోనే ఆయన నాకో రూలు పెట్టాడు. "కొత్త నంబర్ వస్తే నువ్వెత్తద్దు. నాకియ్యి." మా అత్త దానికి ముద్ర వేసింది. "మన ఇండ్లల్లో కొత్తోళ్ళతో మొగోళ్ళే మాట్లాడతారు, ఫరీనా." అందుకే జాకెట్ కొలతలు కూడా ఆయనకే ఫోన్‌లో చెబుతారు, ఆయన ఆఫీసులో ఫైలు చూస్తూ విని ఇంటికొచ్చి సగం మరిచిపోయి నాకు చెబుతాడు. చెయ్యి పొట్టిదైతే విప్పి మళ్ళీ కుట్టేది నేను. తిట్లు తినేదీ నేనే.

స్టేషన్ రోడ్డులో ఒక గది చూసుకున్నాను. నా పేరు, నా నంబర్ ఉన్న బోర్డు పెట్టుకోవాలని. శుక్రవారం అడ్వాన్స్ ఇవ్వాలి. నా అకౌంట్‌లో ఉన్నదంతా దానికే. ఆ సంగతి చెబితే సర్ఫరాజ్ అవుననలేదు, కాదనలేదు. "చూద్దాంలే" అన్నాడు. ఆయన నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఆ తర్వాత ఆయన ఏదీ చూసింది లేదు.

ఆ ఆదివారం పక్కింటి సువార్త చెల్లెలి పెళ్ళి జాకెట్ కోసం ఒక డిజైన్ దించుకుంటున్నాను. ఉన్నట్టుండి తెర ఎర్రగా అయిపోయింది. అంబులెన్సు కూత లాంటిది మొదలైంది. మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, ఆపొద్దు, వెంటనే ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి అని పెద్ద పెద్ద అక్షరాలు. నేను స్విచ్ వైపు చెయ్యి చాపాను.

"ముట్టుకోవద్దు! ఏం జేసినావే దాన్ని?" తువ్వాలతోనే వచ్చి నిలబడ్డాడు సర్ఫరాజ్.

"నేనేమీ జేయలేదు. ఆపి మళ్ళీ ఏస్తే పోతాది."

"ఆపద్దని ఆడ రాసిండారు గదా. నీకేం తెలుసు?"

కంప్యూటర్ చెడిపోతే కంప్యూటరే తన ఫోన్ నంబర్ ఎందుకిస్తుంది అని నాకు అనుమానం వచ్చింది. పైకి అంటే ఏమంటాడో తెలుసు కాబట్టి మింగేశాను. పైగా కొత్త నంబర్. అవతల ఎత్తేది మగవాడే అయ్యుంటాడు. రూలు రూలే కదా, ఆయనే చేశాడు. దొంగకి వెతుక్కునే పని కూడా లేకుండా, నాకు తెలియదు అని చచ్చినా అనని మనిషిని మా ఇంటి ఆచారమే తీసుకెళ్ళి చేతికిచ్చింది.

స్పీకర్‌లో హిందీ గొంతు తేనె పూసినట్టుంది. పెద్ద కంపెనీ సపోర్ట్ సెంటర్ అట. మాటకి ముందొక సార్, వెనకొక సార్. ఆఫీసులో ఎవరూ అనని సార్‌కి మా ఆయన వెన్ను నిటారుగా అయింది. వాడు ఏదో యాప్ వేయమన్నాడు, వేశాడు. మౌస్ మీద ఎవరి చెయ్యీ లేకుండానే తెర మీద బాణం గుర్తు నడవడం మొదలెట్టింది. మా అత్త గడపలో నిలబడి మురిసిపోతోంది. "చూడు, నా కొడుకు హిందీలో ఎట్లా మాట్లాడతాండాడో."

సెక్యూరిటీ కోసం పది రూపాయలు కట్టాలన్నాడు వాడు. బ్యాంకు పేజీ తెరవమన్నాడు. సర్ఫరాజ్ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నేను చూశాను.

"నా జీతం అకౌంట్ వద్దులే," అన్నాడు నా వైపు తిరిగి. "నీదాంట్లో చేద్దాం. చెడగొట్టింది నువ్వే గదా."

నా అకౌంట్ పాస్‌వర్డ్ ఆయనకి తెలుసు. పెట్టిందే ఆయన. నన్ను అడక్కుండానే కొట్టేశాడు. తన అకౌంట్‌ని కాపాడుకోవాలన్నంత అనుమానం ఆయనకీ వచ్చింది, నాదైతే పోయినా పర్లేదు.

నా చేతిలో ఫోన్ మోగింది. ఓటీపీ.

"చెప్పవే," అన్నాడు.

"మేడమ్, తొందరగా," అంది ఆ గొంతు, తేనె తగ్గించి. "లైన్ కట్ చెయ్యకండి. పక్కింటి వాళ్ళనీ వీళ్ళనీ అడగకండి. మీ పొరపాటుకే కదా ఇంత ఇబ్బంది. మేం చెప్పినట్టు చేస్తే అంతా సర్దుకుంటుంది."

ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు, ఆ మాటలు మాత్రం నాకు కొత్త కాదు. ఇంటి సంగతి బయట చెప్పద్దు. తప్పు నీదే. నీకు తెలియదు, చెప్పింది చెయ్యి. ఆలోచించుకునే సందు ఇవ్వకుండా నెత్తిన కూర్చోవడం. పెళ్ళయిన నాటి నుంచీ పొద్దున టీతో పాటు తాగుతున్నవే అవన్నీ. ఇంట్లో వాళ్ళు అంటే తల వంచుకున్నాను. ముక్కూ మొహం తెలియని వాడు అనేసరికి అది ఎంత నీచమో చెవికి తెలిసింది.

మెసేజ్ పూర్తిగా చదివాను. పది రూపాయలు కాదు. నేను గది కోసం దాచుకున్నదంతా. కింద, ఈ నంబర్ ఎవరికీ చెప్పవద్దు అని.

"చెప్పను," అన్నాను.

"ఏందే?"

"చెప్పను. వాడు దొంగోడు."

మా అత్త గడప దాటి వచ్చింది. "మొగుడు అడిగితే చెప్పనంటావా? సిగ్గు లేదా?"

నేను వంగి కంప్యూటర్ ప్లగ్ పీకేశాను. నెట్ పెట్టె ప్లగ్ కూడా. సర్ఫరాజ్ ఫోన్ లాక్కుని కాల్ కట్ చేశాను. ఆయన చెయ్యి లేచింది.

బయట డ్రమ్ము నిండి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు. అంతసేపూ అది ముగ్గురికీ వినపడుతూనే ఉంది.

"నీళ్ళు పోతాండాయి. పోయి కొళాయి కట్టెయ్యి," అన్నాను ఆయన కళ్ళలోకి చూస్తూ. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి కిందికి దిగింది. ఆయన వెళ్ళాడు. ఏ కొళాయి ఎటు తిప్పితే నీళ్ళు ఆగుతాయో వెతుక్కోవడం కిటికీలోంచి కనబడింది.

నా ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబర్‌కి నేనే ఫోన్ చేశాను. నెట్ బ్యాంకింగ్ ఆపించాను, కార్డు కూడా. సైబర్ నేరాల ఫిర్యాదు నంబర్ 1930కి చెప్పాను. కంప్యూటర్‌ని శుభ్రం చేయించేదాకా మళ్ళీ వెలిగించకూడదని అనుకున్నాను. దుడ్లు పోలేదు. మర్నాడు బ్యాంకుకి పోయి పాస్‌వర్డూ పిన్నూ అన్నీ మార్చుకుని, దుడ్లు తీసుకుని, అట్నుంచి అటే స్టేషన్ రోడ్డుకి పోయి గది అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. శుక్రవారం దాకా ఆగాలనిపించలేదు.

సాయంత్రం సర్ఫరాజ్ టీ గ్లాసు కింద పెట్టి, ఏమీ జరగనట్టు అడిగాడు.

"కొత్త పాస్‌వర్డ్ ఏం పెట్టినావు?"

"ఎవరికీ చెప్పద్దని మెసేజ్‌లోనే ఉండాది."

"అది దొంగోళ్ళకే. నేను నీ మొగుణ్ణి."

"నిన్న దొంగోడు గూడా నీ నోటితోనే అడిగినాడు," అన్నాను.