శారమ్మ ఆగిన చోట

శారమ్మ పోయిన రెండేళ్లకు ఆమె గొంతు ఒక్కచోటే మిగిలింది, ‘చెరుకు బండి’ అనే కంప్యూటర్ ఆటలో.

ఆ ఆటను తయారు చేసింది దాసు. బోధన్ కాలేజీలో శారమ్మ భర్త దేవయ్య దగ్గర లెక్కలు నేర్చుకుని, నిజామాబాద్‌లో కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నాడు. ఎడపల్లి నుంచి బోధన్ దాకా చెరుకు బండి తోలుకుపోవడమే ఆట. దారిలో ఒక అవ్వ కనబడి, ఎడ్లకు నీళ్లు పెట్టమనీ, ముందు గుంత ఉంది పక్కకు తోలమనీ చెబుతుంది. ఆ మాటలు శారమ్మవి. యాభై నిండని మనిషిని అప్పుడే అవ్వను చేశావేమిరా అని ఆమె దాసును ఆటపట్టించేది. సీడీలు కొన్ని బడులకు అమ్ముడుపోయాయి. తర్వాత అందరూ మరిచిపోయారు.

ఆట వచ్చిన కొద్ది నెలలకే ఆమె గొంతులో పుండు బయటపడింది. ముందు మాట పోయింది, ఆ వెనక మనిషి పోయింది. నాలుగైదు నెలలు ముందొస్తే బాగుండేదని హైదరాబాదు డాక్టరు అన్న మాట దేవయ్యను వదల్లేదు.

ఆయన రోజూ ఆ ఆట పెట్టుకునేవాడు. అవ్వ నోరు విప్పగానే డప్పులు, ఎడ్ల గంటలు మీద పడేవి. డప్పుల్లేకుండా ఆమె మాట ఒక్కటే వినాలని ఆయన కోరిక. ఆటలోని బొమ్మలూ చప్పుళ్లూ అన్నీ ఒకే పెద్ద ఫైలులో ఉన్నాయి. ఎవరూ కాపీ కొట్టకుండా దాసు దానికి రహస్య అంకెలతో తాళం వేశాడు. ఆ తాళం అడిగితే తల వంచుకున్నాడు.

“పాత డిస్కు కరాబైంది సార్. ఏం తాళం పెట్టిన్నో నాకు యాదికి లేదు. ఇడిసిపెట్టుండ్రి. గా ఫైలు ఇగ తెరుసుకోదు.”

దేవయ్య విడిచిపెట్టలేదు. ఫైలును అంకెలుగా చూపించే ప్రోగ్రాం ఒకటి సంపాదించి దాని ముందు కూర్చున్నాడు. తెర నిండా పొంతన లేని అంకెలు. అలా చూస్తూ వానాకాలం గడిచిపోయింది. పక్కింటి వసంతమ్మ జొన్నరొట్టె, కూర మూత పెట్టి తెచ్చేది.

“గా అంకెలే వండుకుంటున్నరా ఏంది సార్, పొయ్యి మీద గిన్నె కనబడ్తలేదు” అని దెప్పి, గిన్నె అక్కడ పెట్టి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయేది. ఆ ఆగకపోవడమే ఆయనకు ఎంతో ఊరటగా ఉండేది.

ఒక ఉదయం ఆ గందరగోళంలో కొన్ని అంకెలు ఒకే వరసలో, మళ్లీ మళ్లీ తిరిగి రావడం కనిపించింది. కొంత దూరం పోయాక మళ్లీ అదే వరస. దేవయ్యకు ఒక్కసారిగా తట్టింది. అక్కడ చప్పుడు లేదు. చప్పుడు లేనిచోట కంప్యూటర్ సున్నాలే రాసుకుంటూ పోతుంది. సున్నాకు రహస్య అంకె కలిపితే మిగిలేది ఆ అంకే, అందుకే అక్కడ తాళం అంకెలు పైకి తేలుతాయి.

ఆ మౌనం ఎక్కడిదో ఆయనకు తెలుసు. శారమ్మ ఏ పనికైనా ముందు, అన్నం కలిపే ముందు, ఉత్తరం విప్పే ముందు, కళ్లు మూసుకుని ఒక క్షణం లోలోపల ప్రార్థన చేసుకునేది. మైకు ముందు కూడా ప్రతి మాటకు ముందు అలాగే ఆగింది. దాసుదీ ఆమె వెళ్లే మెథడిస్టు చర్చే. ఆ ఖాళీలను కత్తిరించడానికి అతనికి చెయ్యి రాలేదట. ఆట వాటిని దాటిపోయేలా చేసి, ఫైలులో మాత్రం అట్లాగే ఉంచానని అప్పట్లో చెప్పాడు.

ఆ వరసనే తాళంగా పెట్టి చూస్తే, మధ్యాహ్నానికి ఫైలు తెరుచుకుంది.

“ఎడ్లకు దూపైతుంది బిడ్డా, జరసేపు ఆపు.”

డప్పు లేదు, గంట లేదు. ఆమె పక్కన నిలబడి అన్నట్టే ఉంది. దేవయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని విన్నాడు. ఒక్కొక్కటీ వింటూ పోయాడు. చివర్లో ఆటలో లేనిదొకటి వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. మైకు ఆగలేదని ఆమెకు తెలిసినట్టు లేదు.

“దాసూ, నెల సంది మింగుతుంటే రక్తం పడ్తుంది. సార్‌కు చెప్పకు. మొన్ననే గుండె ఆపరేషన్ అయింది ఆయనకు. జర కోలుకోనీ, ఆ ఎన్క దవాఖానకు పోత.”

“గట్లనే అమ్మా” అన్నాడు దాసు. తర్వాత చాలాసేపు ఆమె దగ్గు.

ఆ యేడు దేవయ్య మంచం మీద కూర్చుని, ఆమె కలిపిన జావ తాగుతూ, ఉప్పు చాలలేదని అన్న రోజులు అవి. తాళం మరిచిపోయానని దాసు ఎందుకు అన్నాడో ఆయనకు అర్థమైంది.

సాయంత్రం సెంటరుకు వెళ్లాడు. ఆయన ముఖం చూడగానే దాసు లేచి నిలబడ్డాడు.

“తెరుసుకున్నదా సార్?”

“తెరుసుకున్నది.”

“అమ్మ మాట తీసుకున్నది సార్. నేను చెప్పి ఉండాల్సింది.”

దేవయ్య తిట్టలేదు. కుర్చీలో కూర్చుని ఒక్కటే అడిగాడు.

“గా దినం బాగ నొప్పుండెనా దాసూ?”

“లేదు సార్. నవ్వుకుంటనే చెప్పింది.”

ఆ దగ్గు ఇంకా చెవుల్లోనే ఉంది. అయినా దేవయ్య తలూపాడు.

“మంచిది” అన్నాడు.

దాసు ఫ్యాను ఆయన వైపు తిప్పి, పక్కనే నేల మీద కూర్చున్నాడు.